‘మంజూరైంది’ అంటే ఎక్కడిదాకా వచ్చినట్టు? ఓరుగల్లు లోకల్ చానల్ ఇంటర్వ్యూల వెనక లెక్కలు

వానాకాలంలో వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఏ ఇంట్లో లోకల్ చానల్ పెట్టినా దాదాపు ఒకే దృశ్యం. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ ఒకామె లోగో మైకు ముందు, “మోరి నిండి నీళ్లన్నీ ఇంట్లకే వస్తానయ్ సార్, ఎన్నిసార్లు చెప్పినా ఎవ్వలు పట్టించుకుంటలేరు” అంటుంది. ఆ వెంటనే వచ్చే బైట్‌లో ఓ నాయకుడో అధికారో, “నిధులు మంజూరయ్యాయి, త్వరలో పనులు మొదలవుతాయి” అంటారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. అయినా చూసేవాళ్లకు ఏమీ తేలదు. మంజూరు చేసింది ఎవరు, ఆ మోరి ఏ శాఖది, ‘త్వరలో’ అంటే ఎప్పుడు?

పెద్ద చానళ్లకు ఒక గల్లీ మోరి వార్త కాదు. దాని గురించి ప్రశ్న వినిపించే చోటు లోకల్ చానలే. అందుకే ఆ ప్రశ్న సరిగ్గా పడిందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

## లోకల్ చానల్ ఎవరిది?

మనం ‘సిటీ కేబుల్’ అనో ‘లోకల్ చానల్’ అనో పిలిచేదానికి కేంద్ర సమాచార, ప్రసార శాఖ పెట్టిన పేరు ‘ప్లాట్‌ఫామ్ సర్వీస్’. శాటిలైట్ చానల్ ఉపగ్రహం నుంచి దేశమంతటా దిగుతుంది. లోకల్ చానల్‌ను ఎంఎస్‌ఓ, అంటే కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థ, తన కంట్రోల్ రూమ్‌లోనే మిగతా చానళ్లతో కలిపి ఫైబర్ మీద పంపుతుంది. అక్కడి నుంచి కేబుల్ ఆపరేటర్ వైరు, ఇంట్లో సెట్‌టాప్ బాక్సు. అందుకే ఒక కాలనీలో అందరూ మాట్లాడుకునే ఇంటర్వ్యూ, వేరే ఎంఎస్‌ఓ వైరు ఉన్న పక్క కాలనీలో కనిపించదు. డిష్ ఉన్న ఇంట్లో అసలే రాదు.

వీటికి మూలం 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం. లోకల్ చానళ్లకు స్పష్టమైన మార్గదర్శకాలు మాత్రం 2022 నవంబరు 30న వచ్చాయి. వాటి ప్రకారం స్థానిక వార్తలు, వర్తమాన విషయాలు ప్రసారం చేసే సంస్థ కంపెనీగా రిజిస్టరై ఉండాలి. ఒక్కో చానల్‌కు ఒకసారి 1,000 రూపాయల రుసుము. మొత్తం చానళ్లలో ఇలాంటివి 5 శాతం దాటకూడదు. 400 చానళ్లు మోయగల ఎంఎస్‌ఓకు పరిమితి 20. తెర మీద ‘ప్లాట్‌ఫామ్ సర్వీసెస్’ అని చూపాలి. ఒక ఎంఎస్‌ఓ కార్యక్రమాన్ని మరొకరితో పంచుకోకూడదు. దీనికి ఒక మినహాయింపు ఉంది: గుళ్లు, గురుద్వారాల వంటి చోట్ల నుంచి వచ్చే లైవ్ పంచుకోవచ్చు. భద్రకాళి గుడిలో నవరాత్రుల లైవ్ రెండు మూడు కేబుళ్లలో రావచ్చు గానీ, ఆ గుడి దారిలో రోడ్డు గురించి తీసిన ఇంటర్వ్యూ అలా రాకూడదన్నమాట. ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డునూ 90 రోజులు దాచాలి. ఈ 90 రోజుల సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

చాలామంది ‘కమ్యూనిటీ టీవీ’ అంటుంటారు. మన దేశంలో ఆ పేరుతో లైసెన్సు లేదు. కమ్యూనిటీ రేడియో ఉంది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు అనుమతి వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. అయితే కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. కరెంటు, నీటి సరఫరా, ట్రాఫిక్, వాతావరణం వంటి వాటిపై స్థానిక యంత్రాంగం ఇచ్చే సమాచారం చదవొచ్చు. అంటే ఊరిది అనదగ్గ రేడియోకు ఊరి వార్త చెప్పే హక్కు లేదు, ఆ హక్కున్న కేబుల్ చానల్ ఒక కంపెనీది. లోకల్ ఇంటర్వ్యూల్లో వచ్చే తలనొప్పుల్లో సగం ఈ అమరిక నుంచి పుట్టినవే.

యూట్యూబ్ చానళ్లది వేరే దారి. వాటికి కేబుల్ చట్టం వర్తించదు. 2021 నాటి ఐటీ నిబంధనల కిందికి వస్తాయి. చేతిలో లోగో మైకు ఒకేలా ఉన్నా, ఫిర్యాదు చేయాల్సి వస్తే వెళ్లే చోటు ఒకటి కాదు.

## ఒక్క గల్లీ, అరడజను ఆఫీసులు

గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు. నగరం రెండు జిల్లాల్లో పరుచుకుని ఉంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. కాబట్టి “కలెక్టర్ గారు పట్టించుకోవాలి” అని ఎవరైనా మైకులో అన్నప్పుడు, ఆ డివిజన్ ఏ కలెక్టర్ కిందికి వస్తుందో యాంకర్ అక్కడే చెప్పకపోతే ఆ మాట గాల్లోనే ఉండిపోతుంది.

గల్లీ మోరి, సీసీ రోడ్డు, చెత్త, వీధి దీపం బల్దియావి, అంటే మున్సిపల్ కార్పొరేషన్‌వి. దీపం వేలాడే స్తంభం, వైరు, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌వి. పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి, అంటే రోడ్లు, భవనాల శాఖవి కావచ్చు. హైదరాబాద్ నుంచి ములుగు వైపు పోయే 163, కరీంనగర్ నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం పోయే 563 జాతీయ రహదారులు. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ప్రశ్న రైల్వేకు కూడా వెళ్లాలి. ఒక్క బల్దియాలోనే మోరికి ముగ్గురు యజమానులు ఉంటారు. కట్టేది ఇంజినీరింగ్ విభాగం, రోజువారీ పూడిక తీసేది పారిశుధ్య సిబ్బంది, మోరి మీదికి ఎవరైనా మెట్లు కట్టుకుంటే చూడాల్సింది టౌన్ ప్లానింగ్. పూడిక గురించి అడగాల్సిన ప్రశ్న ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును అడిగితే, “అది శానిటేషన్ వాళ్లది” అన్న జవాబే వస్తుంది. ఆయన తప్పించుకుంటున్నట్టు తెర మీద కనిపిస్తుంది. చాలాసార్లు ఆయన చెప్పింది సరైనదే.

నల్లా నీళ్ల సంగతి ఇంకా చిక్కు. నగరానికి లోయర్ మానేరు నుంచి కాకతీయ కాల్వ మీదుగా నీళ్లొస్తాయి. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిలవ చేసి, శుద్ధి చేసి, ట్యాంకులకు ఎక్కించి వదులుతారు. “వారం నుంచి నల్లా వస్తలేదు” అని ఒకరు చెప్పగానే కెమెరా అధికారి దగ్గరికి పరుగెత్తకూడదు. ముందు అడగాల్సింది ఒకటుంది: “డివిజన్ మొత్తానికి రావడం లేదా, మీ గల్లీ చివరి ఇండ్లకేనా?” మొత్తానికి రాకపోతే తప్పు పైన ఉంది: కాల్వ, పంపు, కరెంటు, మెయిన్ లైను. గల్లీ మొదట్లో వచ్చి చివర్లో రాకపోతే ఒత్తిడి చాలడం లేదు: వాల్వు సగం తిప్పి ఉండొచ్చు, ఎక్కడో లీకేజీ ఉండొచ్చు, లేదా ముందు ఇండ్లవాళ్లు నల్లాకు నేరుగా మోటారు బిగించి ఉండొచ్చు. మోటార్ల సంగతి పొరుగువాళ్లు కెమెరా ముందు చెప్పరు. నాలుగిండ్లలో, నల్లా ఏ టైముకు ఎన్ని నిమిషాలు వచ్చిందో విడివిడిగా అడిగి రాసుకుంటే దానంతట అదే బయటపడుతుంది.

## ‘మంజూరు’ అన్న మాటకున్న మెట్లు

ఈ ఒక్క మాట దగ్గరే జనం ఎక్కువగా మోసపోయామనుకుంటారు. ప్రభుత్వ పని ఇన్ని మెట్లు ఎక్కుతుంది: ప్రతిపాదన, అంచనా, అంటే ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, సైటు అప్పగింత, పని, ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు. పరిపాలనా అనుమతి అంటే ‘ఈ పని చేయొచ్చు, ఇంత దాకా ఖర్చు పెట్టొచ్చు’ అని. సాంకేతిక అనుమతి అంటే ఇంజినీరు లెక్కలు సరిచూసి ఒప్పుకోవడం. నాయకులు ‘మంజూరైంది’ అనేది సాధారణంగా పరిపాలనా అనుమతి రోజునే. అప్పటికి కాంట్రాక్టరే లేడు. టెండరుకు ఎవరూ రాకపోతే మళ్లీ పిలవాలి. పాత బిల్లులు ఆగిపోయిన చోట కాంట్రాక్టర్లు ముందుకు రారు. ఆ గల్లీలో పార పడకపోవడానికి ఇది చాలా మామూలు కారణం, కానీ తెర మీద ఎప్పుడో గానీ వినిపించదు.

కాబట్టి “పని ఎప్పుడు మొదలుపెడతారు సార్?” అన్న ప్రశ్నకు ‘త్వరలో’ తప్ప వేరే జవాబు రాదు. “అగ్రిమెంటు అయిందా? ఏ తేదీన? గడువు ఎన్ని నెలలు?” అని అడిగితే మూడింటికీ సూటి జవాబు ఉంటుంది. అగ్రిమెంటు కాలేదంటే, అది ఏ మెట్టు మీద ఆగిందన్నదే తర్వాతి ప్రశ్న.

పని జరిగాక అడిగే ప్రశ్నకు టేపు కావాలి. 150 మీటర్ల గల్లీ, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ రోడ్డు అనుకుందాం. 150 × 4 × 0.15 అంటే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే వేస్తే 60 ఘనపు మీటర్లు. మూడో వంతు మాయం. 6 ఘనపు మీటర్లు మోసే మిక్సర్ లారీలైతే 15 రావాల్సిన చోట 10 వచ్చినట్టు. ఆ లెక్క గుమ్మంలో కూర్చున్న పెద్దాయన కూడా పెట్టగలడు. రోడ్డు అంచున మట్టి పోయకముందే పది చోట్ల టేపు పెట్టి, అంకె కనిపించేలా దగ్గరగా తీస్తే ఆ విజువల్‌కు జవాబు చెప్పక తప్పదు.

ఇక్కడ ఇంజినీర్ల మాట కూడా వినాలి. అంచు కొలత మాత్రమే చూసి దొంగతనం అనడం అన్యాయమని వాళ్లంటారు. పలకలు బిగించినప్పుడు అంచు తగ్గి మధ్యలో సరిగ్గా ఉండొచ్చు, కింద నేల ఎగుడుదిగుడు కావచ్చు. అది నిజమే. తేల్చేది కోర్ కటింగ్: గుండ్రటి ముక్క కోసి తీసి మందం, బలం చూడటం. కాబట్టి ఇంటర్వ్యూలో “తక్కువ వేశారు” అని తీర్పు ఇవ్వకుండా, “అంచున పది చోట్ల 10 సెంటీమీటర్లు వచ్చింది, కోర్ తీయించారా?” అని అడగడం ఇద్దరికీ న్యాయం. ఎం.బుక్ నకలు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ పుస్తకంలో ఏఈ రాసిన మందం, టేపులో వచ్చిన మందం పక్కపక్కన చూపిస్తే మరో మాట అక్కర్లేదు.

## చెరువు కట్ట మీద ఇంటర్వ్యూ

2020 ఆగస్టు వరదలు, 2023 జులై వరదల తర్వాత ఈ నగరంలో చెరువుల మీద జరిగినన్ని ఇంటర్వ్యూలు మరో విషయం మీద జరగలేదేమో. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. ఆ ఇంటర్వ్యూల్లో మూడు మాటలు కలగాపులగం అవుతాయి. శిఖం అంటే రెవెన్యూ రికార్డులో చెరువు మునక కింద రాసిన భూమి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా నీళ్లుంటే ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. బఫర్ అంటే ఆ గీత అవతల కట్టడం లేకుండా వదలాల్సిన జాగా. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు బఫర్ 30 మీటర్లు. అంతకన్నా చిన్నదైతే 9. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, దాటకపోతే 2.

చిక్కు ఎక్కడంటే, ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూమి కూడా ఉంటుంది. పట్టా నిజం, రిజిస్ట్రేషన్ నిజం. అక్కడ సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. అందుకే ఒకాయన కాగితాలు చూపిస్తూ “మాది కబ్జా కాదు” అంటాడు, అధికారి “అది చెరువులోనే ఉంది” అంటాడు, ఇద్దరి మాటా ఒకేసారి నిజం కావచ్చు. ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు ఇచ్చారు, అప్పుడు లేని అడ్డు ఇప్పుడెందుకని బాధితులు అడిగేది న్యాయమైన ప్రశ్న. ఒక్క ఇంటికి మినహాయింపు ఇస్తే దిగువన వంద ఇండ్లు మునుగుతాయన్న వాదనా అంతే బరువైంది. ఆ చెరువు ఎఫ్‌టీఎల్ గీతకు ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా, అభ్యంతరాలు విన్న తర్వాత తుది నోటిఫికేషన్ కూడా అయిందా అన్నది యాంకర్ అడిగితే చర్చ అరుపుల నుంచి కాగితం మీదికి వస్తుంది.

నాలా పూడిక ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చాలు. చదరపు కిలోమీటరు బస్తీ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష ఘనపు మీటర్లు, అంటే 10 కోట్ల లీటర్లు. నేలలోకి ఇంకేది పక్కన పెడదాం. 3 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతున్న నాలాలో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో పోతే సెకనుకు 4.5 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. మొత్తం పోవడానికి ఆరు గంటల పైచిలుకు. సగం లోతు పూడితే అదే వేగంతో లెక్కేసినా పన్నెండు గంటలు దాటుతుంది. ఆ మిగతా ఆరు గంటలు నీళ్లు ఉండేది నయీంనగర్‌లోనో హంటర్ రోడ్డు పక్క కాలనీల్లోనో, ఇండ్లలో. “పూడిక తీశాం” అన్న జవాబు వచ్చినప్పుడు, “ఎన్ని మీటర్ల పొడవు, ఎంత లోతు, మట్టి ఎక్కడ పోశారు?” అని అడగాలి. తీసిన మట్టిని ఒడ్డునే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది.

## స్లాట్ కొన్నదా, అడిగి తెచ్చిందా

లోకల్ చానల్‌కు చందా డబ్బులో చెప్పుకోదగ్గ వాటా ఉండదు. బడులు, ఆస్పత్రులు, బట్టల దుకాణాలు, రియల్ ఎస్టేట్ వెంచర్ల ప్రకటనలే తిండి. అరగంట ‘ప్రత్యేక ఇంటర్వ్యూ’ డబ్బులిచ్చి చేయించుకోవడం అక్కడి నుంచే మొదలైంది. నడిపేవాళ్ల వాదన: ఆ డబ్బు లేకపోతే కెమెరామెన్ జీతమే లేదు, మోరి ఇంటర్వ్యూ కూడా ఉండదు. చూసేవాళ్ల వాదన: వెంచర్ యజమాని ప్రకటన ఇచ్చే చానల్ ఆయన వెంచర్‌లో కలిసిపోయిన నాలా గురించి అడగగలదా? రెంటిలోనూ నిజం ఉంది. నా దృష్టిలో డబ్బు తీసుకోవడం కన్నా, తీసుకున్నట్టు చెప్పకపోవడం పెద్ద తప్పు. కేబుల్ నిబంధనలూ ఆ వైపే ఉన్నాయి: ప్రకటన కార్యక్రమం నుంచి స్పష్టంగా వేరుగా కనిపించాలి, గంటకు 12 నిమిషాలు మించకూడదు, అందులో 2 నిమిషాలు చానల్ సొంత ప్రచారానికి. కార్యక్రమం నడుస్తుండగా తెర కింద ప్రకటనల స్క్రోలింగ్ వేయడాన్ని కూడా ఆ నిబంధన తప్పంటుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ కావాలి. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు టీవీలో ప్రచారం ఉండకూడదు.

## మైకు దగ్గర జరిగే పొరపాట్లు

చాలా ఇంటర్వ్యూలు ప్రశ్న దగ్గర కాక శబ్దం దగ్గర చెడిపోతాయి. రోడ్డు పక్కన లోగో మైకు నోటికి జానెడు దూరం దాటితే ఆటోల మోతే వినిపిస్తుంది. రాత్రి కమ్యూనిటీ హాల్లో తీస్తే తెర మీద వెలుగు చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలావరకు పోతాయి. ఫిర్యాదు చేసే మనిషి ముఖం కన్నా ముందు, కరెంటు స్తంభం నంబరు, ఇంటి నంబర్ల వరస, డివిజన్ నంబరు కనిపించేలా ఒక షాట్ తీయాలి. అధికారికి తర్వాత వాట్సాప్‌లో వెళ్లేది ఆ ముక్కే.

ఎడిటింగ్‌లో జరిగేది ఇంకా బరువైన పొరపాటు. “నిధులు లేవు, అందుకే ఆర్థిక సంఘం గ్రాంటు కోసం రాశాం” అన్న మాటలో మొదటి రెండు పదాలే వాడితే అధికారి మళ్లీ ఎప్పుడూ మైకు ముందుకు రాడు. కింది స్థాయి ఉద్యోగులు ప్రవర్తనా నియమావళి వల్ల ప్రభుత్వ విధానం మీద వ్యాఖ్యానించలేరు. వాళ్లను “ఎందుకు చేయలేదు” అని నిలదీయడం కన్నా “ఫైలు ఏ దశలో ఉంది” అని అడిగితే జవాబు వస్తుంది. పేరు పెట్టి ఒకరిని దొంగ అంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం. ఆ మాట బాధితుడిదే అయినా ప్రసారం చేసిన చానల్ కూడా జవాబుదారే. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ముఖం, బడి, గల్లీ చూపించడం పోక్సో 23వ సెక్షన్ కింద నేరం. ఇంటి గుమ్మం చూపించినా గుర్తుపట్టేస్తారు.

## పండుగ బైట్లలో దాగిన బల్దియా ప్రశ్నలు

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద లోకల్ చానళ్లన్నీ ఉంటాయి. “ఎట్లనిపిస్తుందమ్మా?” అన్న ప్రశ్నకు “సంతోషంగ ఉంది” అనే వస్తుంది. అదే చోట “బండి ఎక్కడ ఆపిండ్రు? మెట్ల కాడ లైటు ఉందా? పిల్లలతోని బయటికి రావడానికి ఎంతసేపు పట్టింది?” అని ఒక అక్కను అడిగితే, మరుసటి ఏడు ఏర్పాట్లకు పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. వినాయక నిమజ్జనానికీ అంతే: క్రేన్లు ఎన్ని, ఏ రూటులో వైర్లు కిందికి వేలాడుతున్నాయి, ఎన్నింటికి కరెంటు తీస్తారు. పండుగకు రెండు రోజుల ముందు అడిగితేనే ఇవి ఉపయోగం.

## 90 రోజులు దాటాక

సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి ఒక నంబరు వస్తుంది. టీవీలో చెప్పిన మాటకు రాదు. అందుకే కొందరు ఇంటర్వ్యూ కన్నా అర్జీయే మేలంటారు. మరికొందరు, నంబరున్న అర్జీలు ఎన్నో మూలన పడ్డాయి, తెర మీద కనిపిస్తేనే కదులుతాయి అంటారు. రెండూ కలిపినప్పుడు బలం ఎక్కువ: అర్జీ నంబరు తెర మీద వేసి ఇంటర్వ్యూ నడపడం. అధికారి నోట వచ్చిన గడువు తేదీని కూడా అలాగే వేయాలి.

చట్టం ప్రకారం చానల్ రికార్డు దాచాల్సింది 90 రోజులే. మోరి అగ్రిమెంటు గడువు ఆరు నెలలు ఉంటే, గడువు ముగిసేనాటికి ఆ హామీ వీడియోను దాచి ఉంచాలన్న బాధ్యత ఎవరికీ లేదు. కాలనీ సంఘం వాళ్లు ప్రసారమైన రోజే ఆ క్లిప్ అడిగి తీసుకుని, డివిజన్ నంబరు, అర్జీ నంబరు, గడువు తేదీ పేరుగా పెట్టి దాచుకుంటే, ఆరు నెలల తర్వాత అదే మోరి దగ్గర, అదే అధికారి ముందు దాన్ని ఫోన్‌లో ఆడించి మళ్లీ మైకు పెట్టొచ్చు.